చర్మం మీద ఏదైనా కనిపిస్తే: సరైన సలహా ఎలా తీసుకోవాలి

చర్మ సమస్య కంటికి కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కనిపిస్తుంది కాబట్టి చూసిన ప్రతివాళ్లూ ఒక మందు చెబుతారు. వాళ్లకు తగ్గిన ట్యూబు మనకూ తగ్గిస్తుందని తెచ్చి పూసేస్తాం. అది పనిచేయకపోతే ఇంకోటి పూస్తాం. చివరికి డాక్టర్ దగ్గరకు వెళ్లేసరికి ఆ మచ్చ మొదట్లో ఎలా ఉండేదో చెప్పే ఆధారం చర్మం మీద మిగలదు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు చూపించండి, తర్వాతే పూయండి. ఎవరికి చూపించాలి, ఏం చెప్పాలి, ఏం అడిగి తెలుసుకోవాలి అన్నది కింద వరసగా రాశాను.

1. ఆగదగిన విషయమా కాదా, ముందు తేల్చుకోండి

చర్మ సమస్యలు చాలావరకు రెండు మూడు రోజులు ఆగినా ముంచుకొచ్చేది ఏమీ ఉండదు. కొన్ని మాత్రం గంటల్లో ముదురుతాయి. వాటికి ఫొటోలు తీసుకుంటూ కూర్చోకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఒంటి మీద దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక ఉబ్బడం, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం ఉంటే అది అత్యవసరం.

కొత్త మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద మచ్చలు లేచి, నోట్లో పుళ్లు పడి, కళ్లు మండుతూ, చర్మం ముట్టుకుంటే నొప్పిగా ఉండి పొరలుగా ఊడుతుంటే అది ప్రాణం మీదకు తెచ్చే మందు రియాక్షన్ కావచ్చు. మూర్ఛకు వాడే కార్బమజపిన్, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు దీనికి పేరుపడ్డవి. తర్వాతి మాత్ర వేసుకునే వేళ వచ్చేలోపే, మందు అట్ట చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లిపోండి.

జ్వరంతో పాటు చిన్న చిన్న ఎర్రటి లేదా ఊదా రంగు చుక్కలు కనిపిస్తే గాజు గ్లాసు పక్కభాగాన్ని వాటి మీద ఆనించి నొక్కి చూడండి. నొక్కినా రంగు పోకపోతే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం, ఆలస్యం చేయకూడదు. నల్లని ఒంటి మీద ఇవి సరిగా తెలియవు కాబట్టి అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపలి భాగం చూడండి.

కాలో చెయ్యో వాచి, వేడిగా, నొప్పిగా ఉండి ఆ వాపు పైకి పాకుతుంటే అదే రోజు చూపించాలి. మధుమేహం ఉన్నవాళ్లు మరీను.

ఒంటికి ఒకవైపే పట్టీ కట్టినట్టు మంట, ఆపైన గుత్తులుగా నీటిపొక్కులు వస్తే అది హెర్పిస్ జోస్టర్, చాలామంది సర్పి అంటారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. నుదుటి మీద, కంటి చుట్టూ, ముక్కు కొన మీద వస్తే చూపుకే ముప్పు, ఆ రోజే కంటి డాక్టర్ కూడా చూడాలి.

ఇవేవీ కాకపోతే స్థిమితంగా ముందుకు వెళ్లండి.

2. చేతికందిన ట్యూబు పూయకండి

చర్మం విషయంలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం జబ్బు కంటే పూసిన మందు వల్లే జరుగుతుందని నా గట్టి అభిప్రాయం.

తామరనే తీసుకోండి. గజ్జల్లోనో నడుము దగ్గరో గుండ్రంగా వస్తుంది. వేలితో తడిమితే అంచు కొంచెం ఉబ్బెత్తుగా, పొలుసుగా తగులుతుంది. మధ్యలో చర్మం దాదాపు మామూలుగా ఉంటుంది. అది బయటికి పాకుతున్న ఫంగస్. దాని మీద స్టెరాయిడ్ కలిసిన క్రీము పూస్తే రెండు మూడు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. తగ్గింది అనుకుంటాం. నిజానికి తగ్గింది ఫంగస్ కాదు, దాని మీద పోరాడే మన చర్మపు ప్రతిస్పందన. ఫంగస్ హాయిగా పెరుగుతుంది. పూత ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది, మళ్లీ పూస్తాం. కొన్ని వారాలు గడిచేసరికి ఆ ఉబ్బెత్తు అంచు చెరిగిపోయి, వలయం లోపల వలయం ఏర్పడి, నడుమంతా పాకి ఉంటుంది. అప్పుడు డాక్టర్‌కు కూడా చూడగానే పోల్చుకోవడం కష్టం.

అందుకని ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లుయోసినోలోన్ వంటి పేర్లు ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములు మరీ ప్రమాదం. అన్నిటికీ పనికొస్తుందని వాటిని చెప్పి ఇస్తారు. జబ్బేమిటో తెలియకుండా వాటిని వాడకండి.

ముఖం మీద ఇలాంటివి నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, నూగు పెరుగుతుంది, ఎండ తగిలితే భగ్గుమంటుంది. మంగు మచ్చలకని, రంగు తేలడానికని వాడే క్రీముల వెనక తరచుగా ఉండే కథ ఇదే. కొన్నిటిలో పాదరసం కూడా ఉంటుంది, అది చర్మంలోంచి ఇంకి కిడ్నీలను పాడుచేస్తుంది. లేబుల్ మీద మెర్క్యురీ, మెర్క్యూరస్ క్లోరైడ్, కాలమెల్ అని ఉన్నా, అసలు లేబులే లేకపోయినా అది ఒంటికి తగలనివ్వకండి. ఇప్పటికే ముఖానికి చాలాకాలంగా స్టెరాయిడ్ క్రీము వాడుతున్నవాళ్లు మాత్రం ఉన్నట్టుండి ఆపేయకుండా డాక్టర్‌తో మాట్లాడి, వాళ్లు చెప్పిన పద్ధతిలో మానాలి. ఒక్కసారిగా ఆపితే ముఖమంతా ఎర్రబడి మండుతుంది.

ఇంత చెప్పానని స్టెరాయిడ్ అన్న మాట వింటేనే భయపడవద్దు. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు డాక్టర్ చూసి రాసినప్పుడు అదే సరైన మందు. భయపడి చిటికెడంత పూసి, రెండు రోజులకే ఆపేసి, రాత్రంతా గోక్కుంటూ బాధపడేవాళ్లు కూడా ఎంతోమంది.

నిమ్మరసం, వెల్లుల్లి, టూత్‌పేస్ట్, వంటసోడా కూడా ఇదే కోవలోకి వస్తాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలు లేచి, అవి మానాక నెలల పాటు నల్లమచ్చలు ఉండిపోతాయి. డాక్టర్‌కు చూపించేదాకా ఏం చేయాలంటారా? గోరువెచ్చని నీళ్లు, వాసన లేని తేలికపాటి సబ్బు, వాసన లేని మాయిశ్చరైజర్. దురదగా ఉంటే తడి గుడ్డతో చల్లగా అద్దండి. గోళ్లు కత్తిరించుకోండి.

3. దగ్గరగా చూసి, రాసి పెట్టుకోండి

"ఒంటి మీద ఏదో వచ్చింది" అంటే ఎంత గొప్ప డాక్టరైనా అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. మంచి వెలుతురులో కూర్చుని చూడండి. రంగు మాత్రమే మారి చర్మం సమంగా ఉంటే మచ్చ. వేలికి ఎత్తుగా తగిలితే బొడిపె. లోపల నీరుంటే నీటిపొక్కు, చీముంటే చీముపొక్కు. పైన పొడిగా రాలుతుంటే పొలుసు. ఈ ఐదు మాటలు సరిగ్గా వాడితే చాలు, సగం పని అయిపోతుంది.

దద్దుర్లకు ఒక చిన్న పరీక్ష ఉంది. లేచిన దద్దురు అంచు వెంట పెన్నుతో గీత గీసి, టైము రాసి పెట్టుకోండి. మామూలు దద్దురైతే 24 గంటల్లోపు ఆ చోట మాయమై, ఇంకెక్కడో లేస్తుంది. గీత లోపలే ఒక రోజు దాటి ఉండిపోయినా, నొప్పి పుట్టినా, కమిలిన మరక మిగిల్చినా ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. అప్పుడు ఆలోచించాల్సిన జబ్బులు వేరు.

ఎక్కడ వచ్చిందన్నది చాలా చెబుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలివైపు, బొడ్డు చుట్టూ, మర్మావయవాల మీద చిన్న చిన్న పొక్కులు, రాత్రి పడుకోగానే భరించలేని దురద, ఇంట్లో ఇంకొకరికి కూడా అదే దురద: ఇది గజ్జి కావచ్చు. మోచేతుల వెనక, మోకాళ్ల మీద, తలలో మందంగా తెల్లటి పొలుసులైతే సోరియాసిస్ వైపు చూడాలి. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకుపోతుంటే ఆ మాట కూడా చెప్పండి, రెండిటికీ సంబంధం ఉండొచ్చు. మోచేతి మడతల్లో, మోకాలి వెనక ఎండిపోయి దురదగా ఉంటే ఎగ్జిమా. బొడ్డు కింద ప్యాంటు గుండీ తగిలే చోట, చెవి తమ్మె మీద, గడియారం కింద వస్తే నికెల్ అనే లోహం పడకపోవచ్చు. జుట్టుకు రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకు చెవుల మీద, కనురెప్పల మీద దురద, వాపు వస్తే రంగునే అనుమానించండి. "ఏళ్లుగా అదే వాడుతున్నాను, ఇప్పుడెందుకు పడదు?" అని చాలామంది కొట్టిపారేస్తారు. ఎలర్జీ ఏళ్లు వాడాక కూడా మొదలవుతుంది.

రెండు విషయాలు ప్రత్యేకంగా చూడమంటాను. మొదటిది, దురద లేని పాలిపోయిన మచ్చ. కళ్లు మూసుకుని, ఇంకొకర్ని దూది కొనతో ఆ మచ్చ మీద, పక్కన మంచి చర్మం మీద మార్చి మార్చి తాకమనండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, అది కుష్ఠు కావచ్చు. ఈ మాట వినగానే దాచిపెట్టుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బు. రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలల మందు సరిపోతుంది, 1995 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఆ మందు ప్రపంచమంతటా రోగులకు ఉచితంగా అందుతోంది. త్వరగా మొదలుపెడితే చేతులు, కాళ్లు, కళ్లు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు.

రెండోది, పుట్టుమచ్చ. రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండటం, ఒకే మచ్చలో రకరకాల రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు, ఇటీవల మారుతుండటం కనిపిస్తే చూపించాలి. నల్లని ఒంటివాళ్లలో చర్మ క్యాన్సర్ అరుదే గానీ, వచ్చే మెలనోమా తరచుగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోటి కింద వస్తుంది. ఒకే గోటి కింద కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లగీతను దెబ్బ తగిలిందిలే అని వదిలేయకండి.

4. ఫొటో తీయడం నేర్చుకోండి

మచ్చలు వస్తూ పోతూ ఉంటాయి, అపాయింట్‌మెంట్ రోజుకు మాయమవుతాయి. అందుకే ఫొటో కావాలి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్లూ బ్యూటీ మోడూ తీసేసి తీయండి. ఒకటి దూరం నుంచి, అది ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా. ఒకటి దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. ఇంకోటి పక్కనుంచి, ఎత్తు తెలిసేలా. మసకగా వస్తే పంపకండి, మళ్లీ తీయండి.

ఛాయ ముదురుగా ఉన్నవాళ్లకు ఇంకో మాట. పుస్తకాల్లో, నెట్‌లో కనిపించే బొమ్మలు ఎక్కువగా తెల్లని ఒంటివి. అక్కడ ఎర్రగా కనిపించేది మనకు ఊదాగానో, బూడిద రంగులోనో, ముదురు గోధుమగానో కనిపిస్తుంది. బొమ్మతో పోల్చుకుని "నాది అది కాదు" అని తేల్చేయకండి. రెండోవైపు అదే చోట ఉన్న మంచి చర్మాన్ని కూడా ఫొటో తీసి జతచేస్తే డాక్టర్‌కు తేడా తెలుస్తుంది.

మర్మావయవాల ఫొటోలు, పిల్లల ఫొటోలు ఏ గ్రూపులోనూ పెట్టవద్దు. అవి డాక్టర్‌కు నేరుగా చూపించాల్సినవి.

5. ఎవరిని అడగాలి

ప్రతిదానికీ స్కిన్ స్పెషలిస్టు అక్కర్లేదు. చుండ్రు, పొడి చర్మం, అక్కడక్కడా మొటిమలు వంటివాటికి ఫార్మసిస్టునో, మామూలు డాక్టర్‌నో అడిగితే చాలు. చుండ్రుకు కీటోకొనజోల్ షాంపూ పనిచేస్తుంది, కానీ తలకు పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. వెంటనే కడిగేసి "పనిచేయలేదు" అనడం సరికాదు. కొద్దిపాటి మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతంతో మొదలుపెట్టొచ్చు. అది తువ్వాళ్ల రంగు పోగొడుతుంది, చూసుకోండి.

మొటిమలు గడ్డల్లా వచ్చి గుంటలు పడుతున్నా, తెల్లమచ్చలు పెరుగుతున్నా, జుట్టు అక్కడక్కడా ఊడి ఖాళీ చోట్లు కనిపిస్తున్నా, ఒకే సమస్య మళ్లీ మళ్లీ వస్తున్నా, పుండు నెల దాటినా మానకపోయినా, స్పెషలిస్టు దగ్గరకే వెళ్లండి. బొల్లి, మచ్చలు మిగిల్చే మొటిమలు, జుట్టు రాలడం వంటివాటిలో ఆలస్యానికి మూల్యం ఉంటుంది. బ్యూటీ పార్లర్లో పనిచేసేవారు మంచివాళ్లే కావచ్చు, కానీ జబ్బు నిర్ధారణ వారి పని కాదు.

6. డాక్టర్ దగ్గర

వెళ్లే రోజు మేకప్, నెయిల్ పాలిష్ తీసేయండి. మచ్చ మీద నూనె, క్రీము ఏదీ రాయకండి. ఫంగస్ అనుమానం ఉంటే పొలుసు గీరి కేఓహెచ్ పరీక్షకు పంపుతారు, ముందే ఫంగస్ మందు పూసి ఉంటే ఆ పరీక్ష తప్పు చూపించవచ్చు.

ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, సగం అయిపోయినవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. తిడతారేమోనని దాచవద్దు. మింగే మాత్రలు, మూలికా మందులు, విటమిన్లు, గర్భనిరోధక మాత్రలు అన్నీ చెప్పండి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలై ఎటు పాకింది, ఇంట్లో ఎవరికైనా ఉందా, చేసే పని ఏమిటి, ఏది చేస్తే ఎక్కువవుతోంది: ఇవి కాగితం మీద ఉంటే గదిలోకి వెళ్లాక మరిచిపోరు. గర్భంతో ఉన్నా, గర్భం ప్రయత్నంలో ఉన్నా మొదటి మాటగా అదే చెప్పండి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది.

డాక్టర్ గోళ్లు, తల, వీపు, నోరు కూడా చూస్తానంటే చూడనివ్వండి. చర్మం మీది జబ్బు ఆనవాళ్లు ఇంకెక్కడో ఉంటాయి. ఇబ్బందిగా ఉంటే ఇంకొకరు గదిలో ఉండాలని అడిగే హక్కు మీకుంది.

7. చీటీ చేతికొచ్చాక లేవకండి

కుర్చీలోంచి లేచే ముందు ఇవి అడగండి. జబ్బు పేరు ఏమిటి? (రాసివ్వమనండి.) అంటుకుంటుందా? మందు ఎక్కడ, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్లు? ఎన్నాళ్లకు తేడా కనిపించాలి? ఏం జరిగితే ఆపేసి రావాలి?

"ఎంత" అన్న ప్రశ్నకు ఒక మంచి కొలత ఉంది. ట్యూబు నుంచి పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. స్టెరాయిడ్ క్రీములకు ఈ లెక్క బాగా పనికొస్తుంది.

"ఎన్నాళ్లు" అన్నదే అందరూ తప్పే చోటు. మొటిమల మందుకు 8 నుంచి 12 వారాలు ఇవ్వాలి. అడపలీన్ వంటివి మొదట్లో చర్మాన్ని ఎండబెట్టి మండిస్తాయి కూడా. కాలిగోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది కాబట్టి గోటి ఫంగస్ నెలలో పోదు. మొటిమ మానాక మిగిలే నల్లమచ్చ మసకబారడానికి నెలలు కావాలి, ఆ నెలల్లో ఎండ నుంచి కాపాడకపోతే ఇంకా ఎక్కువ. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకుని, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

గజ్జికి మాత్రం పద్ధతి తప్పితే మందు దండగే. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము పెద్దవాళ్లు మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు ఏదీ వదలకుండా రాత్రి రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారం తర్వాత మళ్లీ. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాయాలి. ఇంట్లో అందరూ, దురద లేనివాళ్లతో సహా, ఒకే రాత్రి రాసుకోవాలి. ఎందుకంటే మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అప్పటిదాకా వాళ్లు ఏమీ తెలియకుండానే ఇతరులకు అంటిస్తారు. బట్టలు, దుప్పట్లు మర్నాడు వేడినీళ్లలో ఉతకాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, అది చూసి రోజూ మందు పూయకండి. పసిపిల్లలకు, గర్భిణులకు ఎలా వాడాలో డాక్టర్‌నే అడగాలి.

8. తగ్గకపోతే

డాక్టర్‌ను మార్చే ముందు మీలో మీరు చూసుకోండి. చెప్పినన్నాళ్లు వాడారా? చెప్పినంత పూశారా? ఇంట్లోవాళ్లు వాడారా? పడని వస్తువు ఇంకా ఒంటికి తగులుతూనే ఉందా? అన్నీ సరిగానే చేసి ఉంటే, పాత ఫొటోలతో అదే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మొదటి మందు పనిచేయలేదన్నది కూడా ఆయనకు విలువైన సమాచారం. ఇంకొకరి అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే నిరభ్యంతరంగా తీసుకోండి, కానీ పాత చీటీలు, పరీక్షల రిపోర్టులు వెంట ఉండాలి. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుదామంటే బెదరకండి, ఆ చోట మత్తు ఇచ్చి తీస్తారు.

వస్తువు పడకపోవడమే అనుమానమైతే ప్యాచ్ టెస్టు అడగండి. అనుమానమున్న పదార్థాలను వీపు మీద చిన్న అట్టలుగా అంటించి 48 గంటలు ఉంచుతారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. అట్టలు తీసేశాక ఏమీ కనిపించలేదని ఇంట్లో ఉండిపోకండి. ఒకటి రెండు రోజులు పోయాక మళ్లీ రమ్మంటారు, కొన్ని ఎలర్జీలు ఆ రెండో చూపులోనే బయటపడతాయి.